మళ్ళీ కాటా పెట్టు

"తేజ తెస్తే తాలు అని రాశారేందయ్యా?"

గుంటూరు శివార్లలో ఓ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర, మార్చి ఎండలో, ఓ పెద్దాయన రసీదు నా మొహం ముందు ఊపుతూ అడిగిన మాట ఇది. నిజానికి ఆ రోజు నేను అక్కడికి వెళ్ళింది వేరే పని మీద. రసీదులు కొట్టే ప్రింటరు మొరాయిస్తోందని ఫోనొస్తే, విజయవాడలో పొద్దున్నే బస్సెక్కి వచ్చాను. మిర్చి ఘాటుకి మొదలైన తుమ్ములు ఇంకా ఆగలేదు, ఈలోగా ఇది.

మిర్చి సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. తేజ అంటే సన్నగా, ఎర్రగా, నాలుక మీద పెడితే చెవుల్లోంచి పొగలొచ్చే రకం. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ, ఏరి పక్కన పోసిన సరుకు. యార్డులో ఈ రెండింటి ధరలకీ ఎక్కడా పొంతన ఉండదు. తేజ తెచ్చిన రైతు చేతిలో తాలు రసీదు పెట్టడమంటే, బంగారు గొలుసు తాకట్టు పెట్టినవాడికి గిల్టు గొలుసని రాసివ్వడమే.

పెద్దాయనకి ముందు అనుమానం వచ్చింది కాటా మీద. "మళ్ళీ కాటా పెట్టు" అన్నాడు. గుమస్తా విసుక్కోలేదు, ఆ మాట అక్కడ రోజూ వినేదే. నలభై కిలోల పైచిలుకు టిక్కీని, అంటే మిర్చి బస్తాని, ఇద్దరు ముఠా కూలీలు దించి, మళ్ళీ ఎత్తి పెట్టారు. అంతకుముందు వచ్చిన అంకే వచ్చింది. ఇంకో టిక్కీ పెట్టించాడు. అదీ అంతే. "కాటా బానే ఉంది. మరి పేరెట్టా మారింది?" అని నా వైపు తిరిగాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ సాఫ్ట్‌వేర్ మాదే. బెంజి సర్కిల్ దగ్గర రెండో అంతస్తులో ఐదుగురం కూర్చుని రాసిందే. విజయవాడకి ఫోన్ చేస్తే అటునుంచి వచ్చిన మొదటి మాట, మా వృత్తిలో అందరూ ఏదో ఒక రోజు అనే మాటే: "అన్నా, మేం కోడ్ ముట్టుకోలేదు."

నిజమే, ముట్టుకోలేదు. ఆ కోడ్ మేం రాసింది కాదు. మేం రాసిన ఇంకో కోడ్ రాసింది.

అదెలాగంటే, ఒక్కో మిర్చి రకానికీ ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది. అందులో రకం పేరు, అద్దె రేటు, రసీదు మీద రావాల్సిన తెలుగు మాట ఉంటాయి. పైథాన్‌లో రాసిన ఓ చిన్న ప్రోగ్రాము, అంటే జనరేటర్, ఈ ఫైళ్ళన్నీ చదివి రెండు ఫైళ్ళు తయారుచేస్తుంది. గేటు దగ్గరి ట్యాబ్‌కి కాట్లిన్‌లో ఒకటి, ఆఫీసు సర్వర్‌కి జావాలో ఒకటి. ముందు చదివిన రకానికి 1, తర్వాత దానికి 2, అలా అంకెలు ఇచ్చుకుంటూ పోతుంది. ట్యాబ్ నుంచి సర్వర్‌కి వెళ్ళేది ఆ అంకె మాత్రమే. పేరే పంపొచ్చు కదా అంటారా? గేటు దగ్గర సిగ్నల్ అంతంత మాత్రం, నాలుగు బైట్లు మిగిల్చి గొప్ప పని చేశానని అప్పట్లో నేనే మురిసిపోయాను. డేటాబేసులోనైనా పేర్లుగా దాచాం కాబట్టి పాత లెక్కలు బతికాయి.

రకాలు ఏడు. 334, 341, ఆర్మూరు, బాడిగ, నంబర్ ఫైవ్, తాలు, తేజ. ఫైలుపేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, ఆ అక్షరక్రమంలో పెడితే సరిగ్గా ఇదే వరుస వస్తుంది. తేజ ఏడోది. బిల్డు అంటే కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాముని తయారుచేయడం. రెండేళ్ళ పాటు సర్వర్ బిల్డూ ట్యాబ్ బిల్డూ రెండూ మా ఆఫీసులోని ఒకే విండోస్ డెస్క్‌టాప్ మీద జరిగాయి. విండోస్‌లో ఫోల్డర్ తెరిచి ఫైళ్ళు అడిగితే మామూలుగా అక్షరక్రమంలోనే ఇస్తుంది. మేమెవరం అడగలేదు, అదే ఇచ్చింది. ఆ ముందు రోజు రాత్రి సర్వర్ బిల్డుని క్లౌడ్‌లో ఉన్న లైనక్స్ మెషీన్‌కి మార్చాం. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్ ఫోర్ ఫైల్‌సిస్టమ్ అక్షరక్రమం పాటించదు. ఫైలుపేరు నుంచి ఓ హ్యాష్ అంకె లెక్కగట్టి, ఆ అంకెల వరుసలో ఇస్తుంది. పైగా ఆ లెక్కలో కలిపే విత్తనం ఒక్కో డిస్కుకీ ఒక్కోటి. అంటే రెండు లైనక్స్ మెషీన్లు తెచ్చి పక్కపక్కన పెట్టినా రెండు వరుసలు రావచ్చు. పైథాన్ డాక్యుమెంటేషన్‌లో, ఫోల్డరులోని ఫైళ్ళ జాబితా ఇచ్చే లిస్ట్‌డిర్ గురించి చదివితే, వరుసకి ఏ హామీ లేదని స్పష్టంగా రాసి ఉంటుంది. చదివిన పాపాన పోలేదు.

అలా ట్యాబ్‌లో 7 అంటే తేజ, సర్వర్‌లో 7 అంటే తాలు అయింది. మిగతా రకాలూ తారుమారయ్యాయి గానీ, ఆ పొద్దున వచ్చిన సరుకులో ఎక్కువ తేజే. గుమస్తా టిక్కీల లెక్కా బరువూ చూస్తాడు, పేరు చూడడు. చూసినవాడు పెద్దాయన.

బగ్ కథ ఇంతే. మధ్యాహ్నానికల్లా పాత డెస్క్‌టాప్ మీద బిల్డు చేసి పంపించాం, పొద్దుటి రసీదులన్నీ వెనక్కి తీసుకుని మార్చి ఇచ్చాం, ప్రింటరు మాత్రం బాగుపడలేదు. నన్ను కదిలించింది ఆ తర్వాత తెలిసిన ఇంకో సంగతి.

ఈ జనరేటర్ రాసే ఫైళ్ళు ఒకప్పుడు, కోడ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే మా గిట్‌లోనే ఉండేవి. అక్కడే ఉండి ఉంటే, సర్వర్ మార్చిన రాత్రే పోయిన ఏడు లైన్లు ఎర్రగా, వచ్చిన ఏడు లైన్లు పచ్చగా కనిపించేవి. మరి ఎందుకు తీసేశాం? చూడలేక తీసేశాం. ఎవరు బిల్డు చేసినా ఆ ఫోల్డరులో వేల లైన్లు మారేవి. ఓ బ్యాంకు పంపే ఎక్స్‌ఎంఎల్ సందేశాల కోసం స్కీమా నుంచి జావా క్లాసులు తయారుచేసే ఎక్స్‌జేసీ అనే పనిముట్టు వాడతాం. అది తయారుచేసే ప్రతి ఫైలు నెత్తినా "ఫలానా తేదీన, ఫలానా గంటకి తయారైంది" అని ఓ కామెంటు రాస్తుంది. మా సొంత జనరేటరేమో ఇంపోర్టు లైన్లని, అంటే వేరే చోటి కోడ్‌ని పిలిచే లైన్లని, రోజుకో వరుసలో పెడుతుంది. నాలుగు లైన్ల మార్పు రివ్యూకి పంపితే వెనకాల మూడు వేల లైన్ల చెత్త. మొదట్లో కిందికి జరుపుకుంటూ చూసేవాళ్ళం. తర్వాత "జనరేటెడ్‌లే" అని వదిలేయడం అలవాటైంది. ఆఖరికి ఓ రోజు ఆ ఫోల్డరుని గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని వాటి జాబితాలో, పడేశాం. ఆ సలహా ఇచ్చింది కూడా నేనే.

అందుకే ఈ విషయంలో నా వాదన కొంచెం మొండిగా ఉంటుంది. యంత్రం రాసిన కోడ్ ఒకే సరంజామాతో ఎన్నిసార్లు, ఎక్కడ తయారుచేసినా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. "వరుస మారితే ఏమైంది, పని చేస్తోందిగా" అనేవాళ్ళకి నా జవాబు, హాని చేసే తేడాకంటే హాని చేయని తేడాతోనే ఎక్కువ ముప్పు అని. హాని చేసేది ఒక్కసారి కొట్టి దొరికిపోతుంది. హాని చేయనిది రోజూ కనబడి, చూడకపోవడం మనకి నేర్పిస్తుంది. తేదీ కామెంటు మా రసీదుల్ని చెడగొట్టలేదు. కానీ మా కళ్ళకి గంతలు కట్టింది అదే.

కాటా దగ్గర ఎవరైనా ఇలా ఊరుకుంటారా? ఒకే టిక్కీ పెడితే ఒకసారి 42, ఇంకోసారి 43 చూపిస్తే "కిలోదేముందిలే" అని రైతు అనడు, వ్యాపారి అనడు. కాటా పాడైందంటారు. తూకం సరైనదా కాదా అనేది తర్వాతి మాట, ముందు అది రెండుసార్లు ఒకటే చెప్పాలి. అప్పుడే "మళ్ళీ కాటా పెట్టు" అన్న మాటకి అర్థం ఉంటుంది. మేం "మళ్ళీ బిల్డు చెయ్" అని రోజూ అనుకునేవాళ్ళం, కానీ రెండో బిల్డు మొదటిదానితో కలిసిందో లేదో ఎప్పుడూ చూడలేదు. చూసినా కలిసేది కాదు.

ఇంపోర్టు లైన్ల వరుస రోజుకో రకంగా ఎందుకు మారిందో తవ్వితే ఓ సరదా చరిత్ర బయటపడింది. పైథాన్‌లో సెట్ అనే సంచిలో మాటలు వేసి ఒక్కోటీ బయటికి తీస్తే, అంటే లూపు తిప్పితే, ప్రోగ్రాము నడిపిన ప్రతిసారీ వేరే వరుస రావచ్చు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. హ్యాష్ లెక్క అందరికీ తెలిసిందే కాబట్టి, అన్నీ ఒకే గదిలో పడే మాటల్ని ఏరి పంపితే సర్వర్ ఊపిరాడక కూలబడుతుందని 2011 చివర్లో భద్రతా పరిశోధకులు చేసి చూపించారు. దానికి విరుగుడుగా, నడిపిన ప్రతిసారీ లెక్కలో కొత్త విత్తనం కలపడం మొదలైంది. పైథాన్ 3.3లో, 2012 నుంచి, అదే మామూలు పద్ధతి అయింది. తర్వాత 3.7లో డిక్షనరీ అనే ఇంకో రకం సంచికి మాత్రం వేసిన వరుసలోనే వస్తుందని హామీ ఇచ్చారు. దాంతో చాలామంది ఆ గొడవ తీరిపోయిందనుకున్నారు. నేనూ అనుకున్నాను. సెట్‌కి ఆ హామీ లేదు.

గో భాష చేసినవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. మ్యాప్ మీద లూపు తిప్పితే వరుస కావాలనే చెదిరిపోయేలా పెట్టారు, ఎవరూ దాన్ని నమ్ముకోకూడదని. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. తప్పు రాసినవాడికి తప్పు మొదటి రోజే కనబడుతుంది. విండోస్ ఫోల్డరులా రెండేళ్ళు నవ్వుతూ సర్ది, మూడో ఏడు గొంతు కోయదు.

"సరే, సార్ట్ చేసేయ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు మా టీములో చిన్నవాడు. ఒక్క మాట కలిపాడు, లిస్ట్‌డిర్ చుట్టూ సార్టెడ్ అని. రెండు మెషీన్లలోనూ ఒకటే వచ్చింది. అందరం టీ తాగాం. నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. వచ్చే సీజన్‌కి డీడీ రకం కూడా చేర్చాలని కోల్డ్ స్టోరేజీ వాళ్ళు అప్పటికే అడిగి ఉన్నారు. డీడీ వచ్చి అక్షరక్రమంలో బాడిగ తర్వాత కూర్చుంటుంది. నంబర్ ఫైవ్ 6కి జరుగుతుంది, తాలు 7కి, తేజ 8కి. ఆ పూట ఒక్క ట్యాబ్ అప్‌డేట్ కాకుండా ఉండిపోయిందనుకోండి, అది పంపే 7 తేజ, సర్వర్ చదివే 7 తాలు. సరిగ్గా అదే అంకె, అదే తాలు, ఈసారి ఇంకో పెద్దాయన.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు విషయాలున్నాయి. అదే సరంజామాకి అదే ఫలితం రావడం ఒకటి. సరంజామా కొంచెం మారితే ఫలితమూ కొంచెమే మారడం ఇంకోటి. సార్ట్ మొదటిదాన్ని ఇస్తుంది, రెండోదాన్ని ఇవ్వదు. రెండోది కావాలంటే అంకెని యంత్రం చేతికి ఇవ్వకూడదు. ప్రోగ్రాముల మధ్య డేటా పంపడానికి గూగుల్ చేసిన ప్రోటోబఫ్ వాడినవాళ్ళకి ఇది తెలుసు. అందులో ప్రతి ఫీల్డుకీ అంకె మనిషే రాయాలి, తీసేసిన ఫీల్డు అంకెని మళ్ళీ ఎవరూ వాడకుండా రిజర్వ్ చేసి పెట్టొచ్చు. మొదటిసారి చూసినప్పుడు ఈ చాదస్తం ఏంటి, కంప్యూటర్ లెక్కపెట్టుకోలేదా అనుకున్నాను. ఇప్పుడు మా తేజ ఫైలులో 7 అని చేత్తో రాసి ఉంది. డీడీకి 8. వరుసలో వికారంగా ఉంటుంది, ఉండనీ.

తేదీ సంగతి ఇంకా చిరాకు. మన గడియారం కాకినాడకి దగ్గర్లో పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. క్లౌడ్ మెషీన్లు ఎక్కువగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి దాటాక తెల్లవారుజాము ఐదున్నర లోపు విజయవాడలో బిల్డు చేస్తే నా ల్యాప్‌టాప్ ఈ రోజు తేదీ వేస్తుంది, క్లౌడ్ నిన్నటి తేదీ వేస్తుంది. రిలీజులన్నీ ఆ వేళల్లోనే ఏడుస్తాయి కాబట్టి ఇది మాకు వారానికోసారి అనుభవమే. అసలు ఆ తేదీ ఎవరికి కావాలి? ఫైలు ఎప్పుడు తయారైందో తెలిసి ఎవరేం చేసుకుంటారు? ఏ సరంజామా నుంచి తయారైందో తెలిస్తే పనికొస్తుంది. ఎక్స్‌జేసీకి నో హెడర్ అని ఓ ఆప్షన్ ఉంది, పెడితే ఆ కామెంటే రాయదు. ఒక్క నిమిషం పని. ఏళ్ళ తరబడి చేయలేదు.

తేదీ తప్పనిసరిగా ఉండాల్సిన చోట్లకి లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ జనం ఓ మంచి దారి చూపించారు. తమ ప్యాకేజీలన్నీ ఎవరు బిల్డు చేసినా బిట్టు బిట్టూ ఒకేలా రావాలని 2013లో పని మొదలుపెట్టారు. 2015లో సోర్స్ డేట్ ఎపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఓ ప్రమాణం రాశారు. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్ల సంఖ్య అందులో పెడితే, పనిముట్లన్నీ గోడ గడియారం వైపు చూడకుండా దాన్నే "ఇప్పుడు" అనుకోవాలి. సాధారణంగా ఆఖరి కమిట్ తేదీ, అంటే గిట్‌లో చివరి మార్పు చేర్చిన తేదీ, పెడతారు. కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ జీసీసీ ఏడో వెర్షన్ నుంచి దీన్ని గౌరవిస్తుంది. జిప్ ఫైళ్ళతో మాత్రం ఇంకో తలనొప్పి. వాటి తేదీలు డాస్ కాలంనాటి పద్ధతిలో ఉంటాయి, 1980కి ముందు కాలం వాటికి తెలియదు, టైమ్‌జోన్ అసలే తెలియదు. పుట్టిన తేదీ సున్నా పెడదామని తెలివిగా 1970 ఇస్తే జిప్ ఒప్పుకోదు.

సార్ట్ అన్నంత మాత్రాన అందరి సార్టూ ఒకటి కాదన్నది కూడా మాకు తెలుగే నేర్పింది. ట్యాబ్‌లో కనిపించే తెలుగు మాటల ఫైలుని అకారాదిగా పెట్టబోయాం. బళ్ళో నేర్చుకున్న వర్ణమాలలో య ర ల వ శ ష స హ అయ్యాకే ళ. అంటే గోవు ముందు, గోళీ తర్వాత. ప్రతి అక్షరానికీ ఓ నంబరిచ్చే యూనికోడ్‌లో ళ వెళ్ళి ల పక్కన కూర్చుంది, వ కంటే ముందే. ఆ నంబర్ల ప్రకారం గోళీ ముందు, గోవు తర్వాత. ఇద్దరం రెండు లైబ్రరీలు వాడి రెండు వరుసలు తెచ్చుకుని, ఎవరిది సరైన తెలుగని ఓ పూట వాదించుకున్నాం. మా ఇంట్లో ఏటా రెండు పంచాంగాలు ముందేసుకుని పండగ ఇవాళా రేపా అని జరిగే వాదన గుర్తొచ్చింది. ఆకాశం ఒకటే, గణితం వేరు. చివరికి తేల్చుకున్నదేమిటంటే, జనరేటర్ లోపల యూనికోడ్ నంబర్ల వరుసే వాడతాం. యంత్రానికి పాండిత్యం అక్కర్లేదు, మారకుండా ఉంటే చాలు, ఆ నంబర్లు ఎప్పటికీ మారవు. మనుషులు చూసే జాబితాకి మాత్రం వర్ణమాల. ఆ వాదనలో ఓడిపోయింది నేనే.

మిగతావి, అంటే లైను చివర విండోస్ ఒకటి లైనక్స్ ఒకటి పెట్టడం, ఫోల్డరు పూర్తి దారి కోడ్‌లోకి ఎక్కడం, జనరేటర్ వెర్షన్ తలోటి ఉండటం లాంటివి, తెలిస్తే అరగంట పనులు. వాటి గురించి రాయను.

"మిర్చి రసీదుల కోసం ఇంత హడావుడా?" అని మా సార్ అడిగారు. ఆయనకి ఎక్స్‌జెడ్ కథ చెప్పాను. లైనక్స్ ప్రపంచమంతా వాడే ఆ కంప్రెషన్ లైబ్రరీలో 2024లో ఎవరో దొంగతలుపు పెట్టారు. దాన్ని నడిపించే మెలిక గిట్‌లో లేదు. విడుదల చేసిన ఫైళ్ళ మూటలో, అంటే టార్‌బాల్‌లో, బిల్డు తయారీకి వాడే ఓ ఎం ఫోర్ ఫైలులో ఉంది. ఆ టార్‌బాల్‌నీ గిట్‌నీ పోల్చి చూస్తే తేడా ఎదురుగా ఉంది. ఎందుకు చూడలేదు? ఆ తరహా ప్రాజెక్టుల్లో టార్‌బాల్‌లో జనరేటెడ్ ఫైళ్ళు బోలెడుంటాయి, అవి గిట్‌తో కలవకపోవడం మామూలే. ఆ "మామూలే" వెనకాలే దొంగ దాక్కున్నాడు. పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు మీద పనిచేసే ఇంజనీరు. దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటని అనుమానపడి తవ్వితే బయటపడింది. ఆ అర సెకను గురించి చదివినప్పుడు నాకు గేటు దగ్గరి పెద్దాయనే గుర్తొచ్చాడు. అందరూ వదిలేసేదాన్ని పట్టుకుని ఇదెందుకిలా ఉందని అడగడం.

2020లో బయటపడిన, సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ విషయం ఇంకా సూటిగా ఉంటుంది. దొంగ ప్రోగ్రాము బిల్డు మెషీన్‌లోనే కాపురం పెట్టింది. బిల్డు మొదలవగానే ఓ సోర్స్ ఫైలుని మార్చేసి, అవగానే అసలు ఫైలుని తిరిగి పెట్టేసేది. దాచిన సోర్స్ శుభ్రంగా ఉంది, డిజిటల్ సంతకం అసలుదే, 18,000 దాకా ఖాతాదారులకి అప్‌డేట్ వెళ్ళింది. వేరే చోట వేరే మెషీన్ మీద అదే సోర్స్‌ని బిల్డు చేసి పోల్చే అలవాటు ఉంటే తేడా కనబడే అవకాశం ఉంది. రెండు మెషీన్లలోనూ దొంగ ఉంటే కనబడదు, ఆ సంగతి దాచను. కానీ ఏ రెండు బిల్డులూ ఎప్పుడూ కలవని చోట పోల్చడమన్న మాటే లేదు.

ఈ భయం కొత్తదేం కాదు. యూనిక్స్ తయారుచేసినవాళ్ళలో ఒకడైన కెన్ థాంప్సన్, 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలోనే చెప్పాడు. కంపైలర్‌లో దొంగతలుపు పెట్టి, తనని తాను కంపైల్ చేసుకున్నప్పుడల్లా దాన్ని మళ్ళీ చొప్పించేలా నేర్పితే, సోర్స్ ఎంత చదివినా దొరకదని. దానికి డేవిడ్ వీలర్ చూపించిన విరుగుడు నాకు భలే నచ్చుతుంది. అనుమానం ఉన్న కంపైలర్ సోర్స్‌ని సంబంధం లేని ఇంకో కంపైలర్‌తో కంపైల్ చేసి, వచ్చినదానితో అదే సోర్స్‌ని మళ్ళీ కంపైల్ చేసి, ఫలితాన్ని అసలుదానితో బిట్టు బిట్టూ పోల్చాలి. ఊళ్ళో ఒక కాటా మీద నమ్మకం లేకపోతే పక్క ఊరి కాటా మీద తూయించినట్టే. రోజుకో వరుసలో కోడ్ రాసే కంపైలర్ అయితే ఈ పద్ధతి మొదటి అడుగులోనే చతికిలబడుతుంది.

ఎదుటివాళ్ళ వాదనలో బలం లేదనను. ఒకేలా వచ్చినంత మాత్రాన ఒప్పని కాదు, తప్పు కూడా అన్ని మెషీన్లలోనూ ఒకేలా వస్తుంది. కాటాకి రాయి కట్టి ఉంటే నాలుగుసార్లు తూచినా అదే అబద్ధం చెబుతుంది. పనీ తక్కువ కాదు, మాకు ఇంచుమించు రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాలూ ఎవరూ బిల్లు కట్టలేదు.

ఇప్పుడు కొత్తగా ఇంకో మాట వినిపిస్తోంది. కోడ్ ఎలాగూ ఏఐ రాస్తోంది, అడిగిన ప్రతిసారీ వేరేగా రాస్తోంది, ఇంకా ఈ మడి ఎందుకని. నాకు ఇది తిరగేసిన వాదనలా కనబడుతుంది. అడిగిన ప్రతిసారీ వేరే కోడ్ ఇచ్చేదాన్ని బిల్డులో పెట్టకూడదు. అది రాసింది ఒకసారి తీసుకుని, మనిషి చదివి, గిట్‌లో పెట్టి, ఆ క్షణం నుంచి మన సొంత సోర్స్‌లా చూసుకోవాలి. బిల్డు అయ్యే ప్రతిసారీ దాన్ని మళ్ళీ అడుగుతామంటే మాత్రం లిస్ట్‌డిర్ నాటి నా తెలివే, ఇంకాస్త ఖరీదుగా.

మేం చివరికి చేసింది మొరటు పని. ప్రతి కమిట్‌కీ జనరేటర్‌నీ ఎక్స్‌జేసీనీ రెండుసార్లు నడుపుతాం, వేర్వేరు ఫోల్డర్లలో. ఒకసారి మన టైమ్‌జోన్, ఇంకోసారి హవాయిది. పైథాన్ హ్యాష్ విత్తనం రెండుసార్లూ వేరు. ఫైళ్ళు ఇచ్చే వరుసని రెండోసారి కావాలనే తిరగేస్తాం. భాష సెట్టింగు ఒకసారి ఇంగ్లీషు, ఇంకోసారి టర్కిష్. టర్కిష్ ఎందుకంటే, ఎక్స్‌జేసీ లాంటి జావా పనిముట్లలో ఆ సెట్టింగుతో చిన్నక్షరాలని పెద్దవి చేస్తే ఇంగ్లీషు ఐ నెత్తిన చుక్క వచ్చి కూర్చుంటుంది.  రెండు ఫలితాల మధ్య ఒక్క బైటు తేడా ఉన్నా బిల్డు ఎర్రబడుతుంది. మొదటి వారం పచ్చ చూసిన గుర్తు లేదు. మా చిన్నవాడు "ఇది బిల్డు సర్వరా, అత్తగారా" అన్నాడు.

జనరేటెడ్ ఫోల్డరుని గిట్‌ఇగ్నోర్ నుంచి తీసి మళ్ళీ గిట్‌లోకి తెచ్చాం. యంత్రం రాసేది గిట్‌లో ఎందుకని మూతి విరిచేవాళ్ళుంటారు. పెద్ద టీముల్లో వాళ్ళ మాట నెగ్గొచ్చు. ఐదుగురం ఉన్న చోట, మారినది మారినట్టు కళ్ళ ముందు కనబడటం కంటే మంచి కాపలా నాకు దొరకలేదు. గిట్‌లో ఉన్నదీ ఇప్పుడు తయారైందీ కలవకపోతే అదీ ఎర్రే.

డిసెంబరులో డీడీ రకం చేర్చారు. రివ్యూ కోసం చిన్నవాడు నాకు పంపిన మెసేజ్‌లో, "అన్నా, మొత్తం మూడు ఫైళ్ళు. జనరేటెడ్‌లో ఒక్కో లైనే మారింది, చూస్తావా?" అని ఉంది. కాట్లిన్‌లో ఒక లైను, జావాలో ఒక లైను. డీడీ, 8. దాని పైన, కదలకుండా, తేజ 7. తెరిచి చూశాను. ఎందుకో నమ్మకం కుదరక, నా ల్యాప్‌టాప్‌లో జనరేటర్‌ని ఇంకోసారి నడిపించి మళ్ళీ చూశాను.